ఆగని కుక్కర్, కదలని నక్క

అడవి అంటే మరీ పులులూ సింహాలూ తిరిగేంత అడవేమీ కాదు లెండి. ఊళ్ళో జనం ఏటా కార్తీకమాసంలో వ్యాన్లు కట్టించుకుని వచ్చి, ఉసిరిచెట్ల కింద వనభోజనాలు చేసి, అంత్యాక్షరి ఆడుకుని, సగం సామాను అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయేపాటి అడవి. అలా పోయినేడు ఎవరో మహాతల్లి ప్రెషర్ కుక్కర్ ఒకటి మర్చిపోయింది. దాని పక్కనే ఒక సంచి కూడా. అందులో ఉప్మా మిక్స్ పొట్లాలు, గులాబ్ జామూన్ పొడి, ఇంగువ డబ్బా ఉన్నాయి.

ఆ కుక్కర్ ఎవరికి దొరికిందనుకున్నారు? కుందేలుకి కాదు, లేడికీ కాదు. తాబేలు పాపాయమ్మకి దొరికింది. అడవి మొత్తం మీద ఆవిడంత నిదానమైన మనిషి ఇంకొకరు లేరు. తాబేలుని పట్టుకుని మనిషి అంటావేమిటంటారా? నాకు అలాగే అలవాటు, మీరు సర్దుకోండి.

అంతకుముందు పాపాయమ్మ వంటంటే అదో పెద్ద యజ్ఞం. సోమవారం కందిపప్పు పొయ్యి మీద పెట్టి కట్టెపుల్లలకి వెళ్ళేది. తిరిగొచ్చేసరికి పొయ్యి ఆరిపోయేది. మళ్ళీ రాజేస్తే నీళ్ళు ఇగిరిపోయేవి. ఆ నీళ్ళు తెచ్చేసరికి బుధవారం అయ్యేది. కుక్కర్ వచ్చాక ఆవిడ దశ తిరిగింది. నాలుగు పుల్లలు పెడితే చాలు, పప్పు వెన్నలా ఉడుకుతోంది. మొదటి విజిల్‌కి అరుగు మీంచి బయలుదేరితే మూడో విజిల్‌కి పొయ్యి దగ్గరికి చేరుకుని దించేస్తుంది. ఆ సుఖం మరిగాక ఇంకొన్ని సులువులు కనిపెట్టింది. నెలకోసారి చింతపండు పులుసు ఉడికించి జాడీకెత్తుకుంటే, పులిహోర తినాలనిపించినప్పుడు రెండు గరిటెలు అన్నంలో కలిపేసుకోవచ్చు. ఎండాకాలంలో వడియాలు పెట్టేసుకుంటే, కూరలేని రోజు వేయించి పడేయొచ్చు. మిగతా పొద్దంతా హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ఆవిడ కాళ్ళు చాపినా పెద్దగా తేడా తెలియదనుకోండి, అది వేరే సంగతి.

అంతా బాగానే ఉండేది, నక్క జంబులింగం అనేవాడు లేకపోతే.

జంబులింగానికి వండుకునే అలవాటు లేదు. వాళ్ళ నాన్నకీ లేదు. ఆ వంశంలో పొయ్యి అంటించినవాడే లేడు. పాపాయమ్మ ఇంటికి కాస్త దూరంలో, పెద్ద బండరాయికి అవతల ఒక తుప్ప ఉంది. పొద్దున్నే వచ్చి అందులో పడుకుని చెవులు నిక్కబొడుచుకోవడమే వాడి ఉద్యోగం. అక్కణ్ణించి ఇల్లు కనబడదు గానీ కుక్కర్ కూత ఖణీగా వినబడుతుంది. కొన్నాళ్ళకి వాడికి కూతలన్నీ కంఠతా వచ్చేశాయి. రెండు విజిల్స్ వచ్చి ఆగితే బంగాళాదుంపలు. మూడుకి ఆగితే కందిపప్పు. ఆరుకి ఆగితే శనగలు.

ఆఖరి విజిల్ దాకా మాత్రం చచ్చినా కదలడు. ఎందుకంటే ఒకసారి తొందరపడి ముందే వెళ్ళాడు. “మంచివేళకి వచ్చావు బాబూ, ఈ చిన్న ఉల్లిపాయలు వలిచిపెట్టు,” అని పాపాయమ్మ చేటెడు ముందు పెట్టింది. రెండు రోజులు కళ్ళు మండాయి వాడికి. అప్పట్నుంచీ ఆఖరి కూత ఆగాక, తోక దులుపుకుని, ఏమీ ఎరగనట్టు వస్తాడు.

“ఏం పిన్నీ, బాగున్నావా? అటుగా పోతూ పోతూ ఒకసారి చూసి పోదామని.”

గడప తొక్కినవాణ్ణి ఆకలితో పంపడం పాపాయమ్మ ఇంటా వంటా లేదు. “కూర్చో బాబూ, ఓ ముద్ద తిందువుగాని,” అంటుంది. వాడు కూర్చుంటాడు. వాడి ముద్ద ఎంతుంటుందంటే, ఆవిడ నేతిగిన్నె తెచ్చేలోపు కుక్కర్ అడుగు కనిపిస్తుంది. పైగా వంకలు!

“ఏమాటకామాటే చెప్పాలి పిన్నీ. కుండలో నిదానంగా ఉడికిన పప్పు రుచే వేరు. ఈ ఈలల వంటలు మనకి అచ్చిరావు. మొన్నటి పులిహోర కూడా జాడీలో పులుసేగా? నాలిక ఇట్టే పట్టేసింది. సర్లే, ఇంకో గరిటె వెయ్యి.”

ఇలా ఏడాది గడిచింది. పాపాయమ్మ చిక్కిపోయింది. డిప్ప ఉంది కాబట్టి పైకి తెలియలేదంతే.

దీపావళి వెళ్ళిన మర్నాడు, జంబులింగం తిని మూతి తుడుచుకుంటుండగా ఆవిడ గొంతు సవరించుకుంది.

“బాబూ, నీతో ఒక మాట. రేపు విదియ. అక్కచెల్లెళ్ళ చేతి భోజనం చెయ్యడానికి అన్నదమ్ములు వచ్చే రోజు. మా తమ్ముడు అప్పలస్వామి వస్తున్నాడు.”

“ఓ! వాగు అవతల ఉంటాడే, ఆయనా?”

“వాడే. ఏటా బయలుదేరతాడు, ఏ ఏడూ వేళకి అందడు. పోయినేడు శివరాత్రికి చేరాడు. ఆ రోజు ఉపవాసమాయె, మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. అందుకని ఈసారి ఉగాది పచ్చడి తినగానే నడక మొదలెట్టాడు. పొద్దున కబురొచ్చింది, వాగు దాటేశాడట. ఇన్నేళ్ళకి వాడికి నా చేత్తో వేడివేడిగా ముద్దపప్పు పెట్టుకోబోతున్నాను నాయనా. అందుకని, రేపొక్కరోజు…”

“పిన్నీ! పిన్నీ!” జంబులింగం చెవులు మూసుకున్నాడు. “నువ్వింక చెప్పకు. అక్కాతమ్ముళ్ళ మధ్య నేనెందుకు వస్తాను? నేనేమన్నా పనిగట్టుకుని వస్తానా? ఏదో అటుగా పోతూ…”

“అదే బాబూ, రేపు ఇటుగా పోకు.”

“సరే సరే,” అని లేచాడు. బండరాయి దాటాడో లేదో, ‘ముద్దపప్పు, పండగ పూట, పక్కన వడియాలు కూడా ఉంటాయి,’ అని లొట్టలేసుకున్నాడు. తమ్ముడు ముద్ద కలిపేలోపు కుక్కర్ మొత్తం ఖాళీ చెయ్యొచ్చని కూడా వాడికి వెంటనే తట్టింది.

వాడు వస్తాడని పాపాయమ్మకీ తెలుసు. పొయ్యి పక్కన చతికిలబడి కళ్ళొత్తుకుంది. ఇంటి చూరులో కాపురముండే గోరింక రత్తాలు కిందికి వాలింది.

“అత్తా, ఏడవకు. నిన్ను చూస్తే నాకు ఏడుపొస్తుంది, నాకు ఏడుపొస్తే గుడ్లు బెదురుతాయి. వాడికి నీ ఇంట్లో వంటైందని రోజూ ఎవరు చెబుతున్నారు?”

“ఎవరో ఎందుకే? ఈ కుక్కరే అడవంతా చాటుతోంది.”

“మరి వాడు ఎప్పుడు బయలుదేరతాడు?”

“కూత ఆగాక. ముందొస్తే ఉల్లిపాయలు వలవాలిగా.”

“అయితే కూత ఆగకూడదు. అంతేనా?” అని రత్తాలు తల ఒకపక్కకి వాల్చి, ముక్కు తెరిచి కుయ్యిమంది. అచ్చం కుక్కరే! పాపాయమ్మ అలవాటు కొద్దీ పొయ్యి వైపు రెండడుగులు వేసేసింది. తర్వాత ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

మర్నాడు తెల్లవారగానే జంబులింగం తుప్పలో హాజరు. పొద్దున ఏమీ తినలేదు. కడుపులో చోటు దండగ చేసుకోవడం వాడికి ఇష్టముండదు. దారిన అడవిపంది సుబ్బన్న చిలగడదుంపలు మోసుకుపోతూ పలకరించాడు.

“జంబులింగం, ఇవి కాల్చుకుతింటే తేనె కారతాయి. రెండు తీసుకుంటావా?”

“అవి నువ్వు తిను సుబ్బన్నా. నాకివాళ విందుంది.”

కుక్కర్ కూసింది. ఒకటి. రెండు. మూడు. జంబులింగం లేచి తోక దులుపుకున్నాడు. సరిగ్గా అప్పుడే తుప్ప ముందు నుంచి దుమ్ము కొట్టుకున్న తాబేలు ఒకటి ఆయాసపడుతూ పోతోంది. అప్పలస్వామే.

“ఏం పెద్దమనిషీ, అంత తొందరేమిటి?” అన్నాడు జంబులింగం.

“ఉగాదికి బయలుదేరినవాణ్ణి! నాది తొందరంటావా?” అని ఆయన ఆగకుండా సాగిపోయాడు.

ఇంతలో నాలుగో విజిల్ వచ్చింది.

ఇది కుక్కర్‌ది కాదని మీకు మాత్రం చెప్పేస్తున్నాను. జంబులింగానికి చెప్పకండి.

వాడు మళ్ళీ కూర్చున్నాడు. ‘అరె, పప్పు కాదన్నమాట! పండగ కదా, శనగలు వేసింది. మంచిదే, ఆరుకి ఆగుతుంది.’ ఆరో విజిల్ రాగానే లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. ఏడోది వచ్చింది. మళ్ళీ కూర్చున్నాడు. ఎనిమిది. తొమ్మిది. ‘మూడు విజిల్స్ పప్పే అంత బాగుంటే, పది విజిల్స్ వంట ఎలా ఉంటుంది?’

బండరాయి అవతల నుంచి ఘుమఘుమలాడుతూ ఇంగువ పోపు వాసన వచ్చింది. వెనకాలే కాగిన నెయ్యి. ఆ తర్వాత వడియాలు చుయ్యిమంటూ వేగిన చప్పుడు. ఇంకెవడైనా అయితే పరిగెత్తేవాడే. కానీ జంబులింగం తెలివైనవాడు కదా! ‘ఓహో, పక్క వంటకాలు మొదలయ్యాయి. పప్పూ వడియాలూ నంజుకోవడానికైతే అసలు వంట ఏమై ఉంటుంది?’ అని తుప్పలోనే గింగిరాలు తిరిగాడు. అప్పలస్వామిని తలుచుకుని జాలిపడ్డాడు కూడా. ఆఖరి కూతకి ముందే వెళ్ళాడు పాపం, ఈపాటికి ఉల్లిపాయల ముందు కూర్చుని ఏడుస్తుంటాడు అనుకున్నాడు.

అక్కడ అప్పలస్వామి ఏడుస్తున్న మాట నిజమే. ఆరిటాకులో వేడివేడి అన్నం, గుంట చేసి పోసిన నెయ్యి, ముద్దపప్పు, జాడీ పులుసుతో నిమిషంలో కలిపిన పులిహోర, పొట్లం పొడితో చేసిన గులాబ్ జామూన్లు. పక్కన అక్క కూర్చుని “ఇంకాస్త, ఇంకాస్త,” అంటోంది. నడిచి నడిచి వచ్చినవాడికి కళ్ళలో నీళ్ళు తిరగవూ మరి!

“ఎంతసేపు కష్టపడ్డావక్కా ఇవన్నీ వండటానికి?”

“కష్టమేముందిరా! నువ్వు బండరాయి దగ్గర మలుపు తిరిగేలోపు అన్నీ అయిపోయాయి.”

చూరు మీద రత్తాలు మాత్రం కూస్తూనే ఉంది. మధ్యలో దిగి నాలుగు మెతుకులు తిని, నీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కి కూసింది. అప్పలస్వామి భోజనం చేసి పెద్దగా త్రేన్చాడు. ‘ఆవిరి వదులుతోంది,’ అనుకున్నాడు తుప్పలో జంబులింగం. ఎండ నెత్తికెక్కింది, దిగింది. వాడి లెక్క ముప్ఫై దాటి తప్పిపోయింది. బిరియానీ అనుకున్నాడు, పనసకాయ పలావు అనుకున్నాడు, చివరికి పేర్లు కూడా తట్టలేదు. ఆకలికి కడుపు కూస్తే అదీ ఓ విజిల్ కింద కలిపేశాడు. సాయంత్రానికి కూత బొంగురుపోయింది. ‘పాపం, కుక్కర్ రబ్బరు అరిగిపోయినట్టుంది. పిన్నికి చెప్పాలి,’ అనుకున్నాడు. ఆఖరి విజిల్ సగంలో దగ్గు కూడా వచ్చింది. అయినా వాడికి అనుమానం రాలేదు.

కూత ఆగింది. ఇంకోటి వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. తోక దులుపుకుని, తూలుతూ, గుడ్లు తేలేస్తూ గడపలోకి వెళ్ళాడు.

“ఏం పిన్నీ… బాగున్నావా… అటుగా పోతూ…”

లోపల కుక్కర్ తోమి బోర్లించి ఉంది. అప్పలస్వామి డిప్పలో తల పెట్టుకుని గురకపెడుతున్నాడు. గులాబ్ జామూన్ గిన్నె అంచున కూర్చుని రత్తాలు పాకంతో గొంతు తడుపుకుంటోంది.

“వంట… అయిపోయిందా?” అన్నాడు జంబులింగం నీరసంగా.

“ఎప్పుడో పొద్దున్నే అయింది బాబూ. భోజనాలయ్యాయి, గిన్నెలు తోముకోవడం కూడా అయింది.”

“అదేంటి! ఇప్పటిదాకా విజిల్స్ వస్తూనే…” అని నాలిక కరుచుకున్నాడు.

“విజిల్సా?” పాపాయమ్మ మెడ మెల్లగా బయటికి చాపింది. “నువ్వు విజిల్స్ ఎక్కడ విన్నావు? అటుగా పోతూ వచ్చానన్నావుగా?”

“అవును… పోతూనే… విన్నాను.”

“పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ బండరాయి దగ్గర్నించి ఇక్కడికి పోతూనే ఉన్నావా? అయ్యో నా తండ్రీ! మా తమ్ముడే నయం!”

రత్తాలు బొంగురు గొంతుతో కుక్కర్‌లా ఒకసారి కుయ్యిమని, పకపకా నవ్వి పాకంలో పడబోయింది. అప్పలస్వామి డిప్పలోంచి తల బయటపెట్టి, “పాపం, కాళ్ళ నొప్పులేమో! ఉగాదికే బయలుదేరాల్సింది,” అని సలహా చెప్పి మళ్ళీ తల లోపలికి లాక్కున్నాడు. జంబులింగం తోక ముడిచి గడప వైపు తిరిగాడు.

“ఆకలితో పంపించనులే, కూర్చో,” అంది పాపాయమ్మ. “రాత్రికి శనగలు నానబోశాను. ఈ ఉల్లిపాయలు వలిచిపెట్టావంటే నీకూ ఓ గిన్నెడు తీసి ఉంచుతాను.” చేట ముందుకి జరిపింది. వాడు కూర్చున్నాడు. ఏం చేస్తాడు మరి, చిలగడదుంపలు కూడా వద్దనుకున్నాడాయె!

అప్పలస్వామి తిరిగి వెళ్ళనేలేదు. వెళ్ళి మళ్ళీ రావడం కంటే వచ్చే విదియ దాకా ఇక్కడే ఉంటే సులువని లెక్క తేల్చాడు. అక్క పోలిక ఎక్కడికి పోతుంది! జంబులింగం మాత్రం రోజూ పొద్దున్నే, కుక్కర్ పొయ్యెక్కకముందే వస్తున్నాడు. ఏ కూత కుక్కర్‌దో ఏది రత్తాలుదో తెలియక, ఎందుకొచ్చిన గొడవని వాకిట్లో చేట ముందేసుకుని, ముక్కు ఎగబీలుస్తూ ఉల్లిపాయలు వలుస్తున్నాడు. పప్పుకి వంక పెట్టడం కూడా మానేశాడు.

వంట పని తగ్గించుకున్నవాళ్ళకి భోజనం వేళకి అందుతుంది; వంట పని తప్పించుకుందామని దాక్కున్నవాడికి విజిల్ ఒక్కటే అందుతుంది.