చెంగవల్లి, పాడని బుల్‌బులి

నేను ఇంతవరకూ ఏదీ రాసి ఎరగను. నోటితో చెప్పడమే గాని కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. అందుకని పిల్లలూ, నేను మీ ఎదురుగా కూర్చుని చెబుతున్నాననే అనుకోండి.

మబ్బులు కొండ దిగి వచ్చి వాకిళ్ళలో పడుకునే రోజుల్లో, పొన్నగిరి రాజ్యాన్ని కుముదసేనుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకి ముగ్గురు కూతుళ్ళు. పెద్దది కనకవల్లి, పాడితే గాలి కూడా ఆగి వినేది. రెండోది మధురవల్లి, వీణ ముట్టుకుంటే నెమళ్ళు దిగి వచ్చేవి. మూడోది చెంగవల్లి. పాపం, దాని గొంతు బొంగురు. సంగీతం పంతులుగారు మూడు రోజులు చెప్పి చూసి, "నువ్వు వెళ్ళి ఆడుకో తల్లీ" అని దణ్ణం పెట్టేశాడు.

చెంగవల్లి ఆడుకోవడానికి వెళ్ళలేదు. దాది ఎరకమ్మతో తిరగలి దగ్గర చేరింది. తిరగలికి ఇటొకరు, అటొకరు ఉండాలి. ఒకరు ఒక పాదం పాడితే రెండో పాదం ఎదుటివాళ్ళు అందుకోవాలి. అందుకునేదాకా మొదటివాళ్ళు ఆగాలి. అక్కడ గొంతు ఎలా ఉన్నా ఎవరూ ఏమీ అనరు.

ఇలా ఉండగా రాజుగారికి నిద్ర పట్టడం మానేసింది. వెన్నెల వచ్చి పోతోంది, చీకటి వచ్చి పోతోంది, ఆయన రెప్ప మాత్రం వాలదు. మనిషి చిక్కి సగమయ్యాడు. రాజవైద్యుడు నాడి చూసి తల వంచుకున్నాడు.

"దీనికి మందు లేదు మహారాజా. ఏడు సముద్రాల అవతల బుల్‌బులి పిట్ట ఉందిట. దాని పాట వింటేనే మీకు నిద్ర. లేదంటే చలికాలం దాటడం కష్టం."

బుల్‌బులి అంటే ఆ రాజ్యంలో తెలియనివాళ్ళు లేరు. కోట గోడల మీద అదే బొమ్మ, పట్టుచీరల అంచుల మీద అదే బొమ్మ, పల్లకీ కొమ్ముల మీద అదే బొమ్మ. కవులు ప్రేమ అని చెప్పాలన్నా బుల్‌బులే, ఎడబాటు అని చెప్పాలన్నా బుల్‌బులే. గులాబీ పక్కన బంగారు రెక్కలు, ఎర్రటి తోక, నెత్తి మీద రత్నాల కుచ్చు. తాతల నాటి నుంచీ అలాగే గీస్తున్నారు. చూసినవాళ్ళు గాని, విన్నవాళ్ళు గాని ఒక్కరూ లేరు.

కనకవల్లి ఓడెక్కి వెళ్ళింది. రాలేదు. మధురవల్లి ఓడెక్కి వెళ్ళింది. రాలేదు. అప్పుడు చెంగవల్లి తండ్రి మంచం దగ్గరికి వచ్చింది.

"నేను వెళ్తాను నాన్నా."

"అంతటి అక్కలే రాలేదు. నువ్వు వెళ్ళి ఏం చేస్తావే?"

"అక్కడికి వెళ్ళాక తెలుస్తుంది. ఇక్కడ కూర్చుని మీ కళ్ళు చూడలేకపోతున్నాను."

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు ఆడిస్తోంది. చెంగవల్లి దాన్ని తిరగేసింది.

"బతికించావు పిల్లా" అంది తాబేలు. "ఇద్దరు రాచపిల్లలు ఇటే వెళ్ళారు. ఒకామె అయ్యో అంది, ఇంకొకామె ఛీ అంది. చెయ్యి వేసింది నువ్వే. ఎక్కు, ఎక్కడికో చెప్పు."

"బుల్‌బులి దగ్గరికి తాతా."

తాబేలు నీళ్ళలోకి దిగింది. ఉప్పు సముద్రం దాటారు. పాల సముద్రం దాటారు, అందులో చందమామ సగందాకా నానుతున్నాడు. తేనె సముద్రంలో అలలు లేవడానికే బద్ధకించాయి. మంచు సముద్రం, పొగ సముద్రం, పూలపుప్పొడి సముద్రం దాటారు. ఆఖరి సముద్రానికి చప్పుడే లేదు. అలలు వస్తున్నాయి, పోతున్నాయి, చెవికి ఏమీ వినబడదు.

"ఇది మసికేతుడి సముద్రం" అని తాబేలు గుసగుసలాడింది. "వాడు మాయలమరాఠీ. వాడి ప్రాణం బుల్‌బులి గొంతులో దాచుకున్నాడు. పిట్ట పాడిందా, ప్రాణం పాటతో బయటికి పోతుంది. అందుకే మంత్రం వేసి దాని నోరు కట్టేశాడు. తోటకి వచ్చినవాళ్ళకి మూడు పనులు చెప్పి, చేస్తే ఒక పిట్టను ఏరుకోమంటాడు. తప్పు పిట్టను ముట్టుకుంటే గులాబీ మొక్క అయిపోతారు. మీ అక్కలు పనులు కూడా చెయ్యలేదు. బంగారు పిట్ట కనబడగానే చెయ్యి చాపారు."

తోటలో ఎటు చూసినా గులాబీలు, ఎటు చూసినా బంగారు పంజరాలు. పంజరానికో పిట్ట. అన్నీ కోట గోడ మీది బొమ్మలాగే మెరుస్తున్నాయి, ఒక్కటీ నోరు తెరవదు. మసికేతుడు చేతులు వెనక్కి పెట్టుకుని వచ్చాడు.

"ఇంకో రాచబిడ్డా? చేతులు చూడు, చిగురుటాకుల్లా ఉన్నాయి. తోటంతా నీళ్ళు పొయ్యి. రాలిన ఈకలు ఏరు. సాయంత్రానికి ఆ తట్టెడు చోళ్ళు విసిరి పిండి చెయ్యి. చేశాక మాట్లాడదాం."

చెంగవల్లి మొక్క మొక్కకీ నీళ్ళు పోసింది. తరవాత ఈకలు ఏరింది. ఏరుతుంటే వేళ్ళకి బంగారం అంటుకుంది. చెంగుతో తుడిస్తే ఈక తెల్లగా తేలింది. 'అమ్మ దొంగా, ఇవి రంగు పూసిన పిట్టలు' అనుకుంది. అనుకుందే గాని, అసలుది ఏదో ఎలా తెలుస్తుంది?

మూడో పనికి విసిరే పాకలోకి వెళ్ళింది. దూలం మీద పిడికెడంత పిట్ట కూర్చుని ఉంది. మట్టిరంగు. దానికి పంజరం కూడా లేదు. చెంగవల్లి చోళ్ళు పోసి, పిడి పట్టుకుని, అలవాటు చొప్పున ఎత్తుకుంది.

"తిరుగు తిరుగు తిరగలీ, దిక్కులన్నీ తిరిగి రా..."

అని ఆగింది. ఎదుట ఎరకమ్మ లేదు. నవ్వుకుని మళ్ళీ ఎత్తుకుంది.

"పిండి రాలె పిండి రాలె, చుక్కలన్నీ రాలెనే..."

మళ్ళీ ఆగింది. ఈసారి దూలం మీద చిన్న కదలిక. మట్టిపిట్ట అటు జరిగింది, ఇటు జరిగింది. దాని గొంతు రేగుపండులా ఉబ్బి ఉంది. ఆగిపోయిన పాట వినలేక అవస్థ పడుతోంది. అసలు బుల్‌బులి ఇదేనని చెంగవల్లికి తెలిసిపోయింది. తిరగలి ఆపకుండా, పిట్టనే చూస్తూ, తన మాటలే కట్టి పాడింది.

"కునుకు లేని కంటికి కొండంత రేయిలో ఎవ్వరే..."

బయట మసికేతుడి అడుగులు పరుగులయ్యాయి.

"ఆపవే. లేదా రెండో పాదం కూడా నువ్వే పాడెయ్యి" అన్నాడు తలుపులో నిలబడి. మొహంలో నెత్తురు లేదు.

"అది నా వంతు కాదు" అంది చెంగవల్లి.

తిరగలి తిరుగుతోంది. పాట సగంలో వేలాడుతోంది. పిట్ట ఇంక ఓర్చుకోలేకపోయింది. మంత్రపు కట్టు తెంచుకుని అందుకుంది.

"కునుకు తెచ్చే కొమ్మ మీద నేను లేనా తల్లిరో..."

ఆ గొంతులోంచి మిణుగురంత వెలుగు బయటపడి, గాలికి రేగి, చూరు కింద ఆరిపోయింది. గుమ్మంలో మసికేతుడున్న చోట గుప్పెడు బూడిద మిగిలింది. సముద్రానికి ఒక్కసారిగా హోరు తిరిగి వచ్చింది. తోటలో గులాబీలన్నీ ఒళ్ళు విరుచుకుని మనుషులై లేచాయి. అక్కలిద్దరూ వచ్చి చెల్లెల్ని వాటేసుకున్నారు. వాళ్ళ వెనక ఒక రాజకుమారుడు తల తుడుచుకుంటూ వచ్చాడు. పేరు మేఘవర్ధనుడు.

"పొద్దున నీళ్ళు పోసింది మీరేనా? కొంచెం మెల్లిగా పోయాల్సింది. ముక్కులోకి వెళ్ళాయి."

"గులాబీ మొక్కకి ముక్కుంటుందని నాకేం తెలుసు?" అంది చెంగవల్లి.

బుల్‌బులి ఆమె భుజం మీద వాలింది. "పంజరంలోకి అయితే రాను. ఇలా అయితే వస్తాను" అంది.

తాబేలు వీపు మీద ఏడు సముద్రాలూ దాటి కోటకు చేరేసరికి సందెవేళ. కవులు, చిత్రకారులు గుమ్మంలో మూగారు. "ఇదా బుల్‌బులి? పిచ్చుకలా ఉందే" అని ఒకాయన పెదవి విరిచాడు. చెంగవల్లి ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది. తండ్రి మంచం పక్కన నేల మీద కూర్చుని, బొంగురు గొంతుతో ఒక పాదం అంది. బుల్‌బులి అందుకుంది. మొదటి పాటకి రాజుగారి పిడికిలి వదులైంది. రెండో పాటకి నిట్టూర్పు దిగింది. మూడో పాటకి రెప్పలు వాలాయి. పెదవి విరిచినాయన గోడకి చేరబడి అలాగే గుర్రు పెట్టాడు.

మాఘమాసంలో చెంగవల్లికీ మేఘవర్ధనుడికీ పెళ్ళయింది. జుట్టు తెల్లబడేదాకా ఇద్దరూ పొన్నగిరిని చల్లగా ఏలారు. అది తరవాతి మాట. ముందు ఆ మర్నాటి పొద్దున సంగతి చెప్పాలి.

పొన్నగిరిలో తెల్లవారగానే బురుజు మీద నగారా మోగుతుంది. చెంగవల్లి అంతకంటే ముందే బురుజెక్కి, నగారా కొట్టే అతని చేతిలో కర్రలు తీసేసుకుంది.

"అదేంటి తల్లీ, మోగించకపోతే ఊరు లేవదు కదా" అన్నాడతను.

"లేవకపోతే పడుకోనీ అన్నా. నాన్నగారు ఇంకా నిద్రలో ఉన్నారు" అని, కర్రలు ఒళ్ళో పెట్టుకుని, ఎండ బాగా పైకొచ్చేదాకా అక్కడే కూర్చుంది.