సత్తెమ్మగారి రెండు షెడ్లు

సూరారెడ్డి మాస్టారిని ప్రశ్న అడిగితే కూర్చున్న చోట జవాబు రాదు. "పదమ్మా" అని ముందు చెప్పుల్లో కాళ్ళు పెట్టేస్తారు. అనపర్తి వైపు కోళ్ళషెడ్లలో ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకి తెలివి ఎంత వచ్చిందో చెప్పలేను గానీ, నడక మాత్రం బాగా వచ్చింది.

ఆయన శిష్యురాలు ఇందుమతి ఇంజనీరింగు చదివిన పిల్ల, మహా చురుకు. ఊళ్ళో కోళ్ళు పెంచే సత్తెమ్మగారి షెడ్డుకి అచ్చు గుద్దినట్టుండే జంట షెడ్డొకటి కంప్యూటర్లో కట్టింది. అసలు షెడ్డులో ఒక రోబో కప్పు కింద ఇనప పట్టా పట్టుకుని వేలాడుతూ, అటూ ఇటూ తిరిగి, కిందికి చాపిన చేత్తో వేడి కొలుస్తుంది. అది చూసుకుని తెర మీది షెడ్డు హీటర్లని పెంచుతుంది, తగ్గిస్తుంది. ధనుర్మాసపు చలిలో సత్తెమ్మగారు ఐదువేల కోడిపిల్లల్ని దింపుకున్నారు. గుడ్డులోంచి వచ్చి ఒక్క రోజైంది, అంతే.

మర్నాడు పొద్దున్నే మాస్టారి గదిలో తెర చూపించి అడిగింది ఇందుమతి. "మాస్టారూ, ఈ షెడ్డూ ఆ షెడ్డూ ఒకటేనా? ఒకటే అయితే నేనిక్కడే కూర్చుని చూసుకుంటే చాలు కదండీ?"

తెరంతా పచ్చగా ఉంది, అంతా బాగున్నట్టే. "పదమ్మా" అన్నారు మాస్టారు.

గుమ్మం దగ్గర మందునీళ్ళలో కాళ్ళు ముంచి ఇద్దరూ సత్తెమ్మగారి షెడ్డులోకి వెళ్ళారు. పిల్లలన్నీ ఒక మూలకి చేరి గుట్టలుగా పడి, ఒకదాన్నొకటి ఎక్కేస్తున్నాయి. సత్తెమ్మగారు రెండు చేతులా గుట్టని చెదరగొడుతున్నారు. అప్పటికే మూడు పిల్లలు ఆవిడ పక్కన కదలకుండా పడున్నాయి.

"కిందవాటికి ఊపిరాడట్లేదే తల్లీ! అరచేతిలో వైకుంఠం చూపించావు కదే!" అన్నారావిడ, ఏడుపు ఆపుకుంటూ.

"ముప్పై మూడు డిగ్రీలండీ! సరిగ్గానే ఉంది!" ఇందుమతి చేతిలోని తెర ముందుకు చాపింది.

మాస్టారు తెర వైపు చూడలేదు. "కూర్చో" అన్నారు.

కూర్చుంది. "ఇంకా" అన్నారు. నేలంతా పరిచిన ఊక మీద చెంప ఆనించింది. షెడ్డు పక్కన గోడకి బదులు కట్టిన పరదా అడుగు సందులోంచి గాలి చురకత్తిలా తగిలింది. తల తిప్పి పైకి చూస్తే వేడి కొలిచే రోబో చెయ్యి ఎక్కడో వేలాడుతోంది. బిగించినప్పుడు అంకెలు చదువుకోడానికి వీలుగా ఉంటుందని, తన గుండెల ఎత్తుకే బిగించుకుంది మరి! సిగ్గుతో చచ్చిపోయింది పాపం.

సిగ్గుపడుతూ కూర్చోలేదు లెండి, అది మెచ్చుకోవాలి. ఊక బస్తాలు ఈడ్చుకొచ్చి పరదా అడుగున పేర్చింది. రోబో చేతిని పిల్లల వీపులకి తగిలీ తగలని ఎత్తుకి దించింది. తెర భగ్గున ఎర్రబడింది, హీటర్లన్నీ ఒక్కసారి అందుకున్నాయి. గంటలోపే పిల్లలు గుట్ట విడిచి, ఎండబెట్టిన వడ్లలా నేలంతా పరుచుకుని మేతకి మూతులు పెట్టాయి. సత్తెమ్మగారు అప్పుడు మంచినీళ్ళు తాగారు.

ఇందుమతి ఊక దులుపుకుంటూ నెమ్మదిగా అడిగింది. "అంటే తెరని నమ్మకూడదాండీ, మాస్టారూ?"

"ఎందుకు నమ్మకూడదమ్మా? పొద్దున్న కూడా అది నిజమే చెప్పింది" అన్నారు మాస్టారు, చెప్పులు వెతుక్కుంటూ. "నిలబడ్డవాళ్ళకి వెచ్చగానే ఉంది."