నిద్రమడుగులో వదులు తాడు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త అసిరమ్మ. తుంగచాపలు అల్లుతూ చెప్పేది. పుల్ల ఎక్కడ వంచాలో, మాట ఎక్కడ ఆపాలో ఆమెకు బాగా తెలుసు. ఆమె చెప్పినట్టే చెబుతాను. ఒక పోగు ఎక్కువ కాదు, ఒక పోగు తక్కువ కాదు. కొత్తరేవు పోలినాయుడు చెప్పే కథ వేరు. వాడి సంగతి చివర్న చూద్దాం. పిల్లలూ, కుదురుగా కూర్చోండి.

అనగనగా ఒక అడవిలో, కొండలకు దిగువన, ఒక పెద్ద మడుగు ఉండేది. దాని పేరు నిద్రమడుగు. చుట్టూ తుంగ, నడుమ తామరలు. గాలి అక్కడికొచ్చేసరికి అలిసిపోయి మెల్లగా నడిచేది. ఆ ఒడ్డున నిలబడితే చాలు, కళ్లు వాలిపోయేవి.

ఎండలు ముదిరాక అడవిలో జీవాలన్నీ పిల్లాజెల్లాతో అక్కడికే వచ్చేవి. పొద్దున తాబేలు తాత వీపెక్కి మడుగంతా షికారు. ఆ తర్వాత నాచు పట్టిన బండ మీంచి జర్రుమని నీళ్లలోకి జారుడు. ఎండ నడినెత్తికి వచ్చాక తుంగమంచాల మీద నిద్ర.

ఆ మంచాలు నేల మీద ఉండేవి కావు. నీళ్ల మీద తేలేవి. తుంగకట్టలు పేర్చి, నడుమ జడపాయలాంటి లావుపాటి పేట ఒకటి వేసి అల్లినవి. ఆ నడిమి పేటకు తాడు. తాడు రెండో కొస నీటి అడుగున ఒక మొద్దుకు. తాడు కూడా తుంగతో పేనిందే. పోలినాయుడు అది కొబ్బరితాడు అంటాడు. అడవి నడుమ కొబ్బరి ఎక్కడిదిరా అని వాణ్ణి ఒక్కరూ అడగరు!

ఆ విడిది నడిపేది నామాలకోడి. నల్లటి ఒళ్లు, నుదుట తెల్లటి నామం. నీళ్లలో మునిగి అడుగుదాకా పోగలదు. అందరూ నామాలమ్మా అని పిలిచేవారు. మనిషి మంచిదే. కాకపోతే మాట పడదు. పడితే మరిచిపోదు.

నిద్రమడుగులో అద్దె ఏమిటో తెలుసా? కల. నిద్ర లేచాక, కన్న కలను చెప్పి వెళ్లాలి. అంతే.

"చంద్రుడు వేరుసెనక్కాయ అంతయ్యాడత్తా! ఎక్కడ దాచాలో తెలియక చెట్టంతా తిరిగాను," అని ఉడత చెప్పేది.

"నా చెవులు రెండూ తామరాకులైపోయాయి. వాటి మీద కప్పలు కూర్చుని పాడాయి," అని కుందేలు చెప్పేది.

ఆ కలలన్నీ నామాలమ్మ విని, సాయంత్రం నీళ్ల దగ్గర కూర్చుని నీళ్లకు చెప్పేది. అందుకే పొద్దు వాలేటప్పుడు మడుగుకు అన్ని రంగులు అనేది మా మేనత్త.

నామాలమ్మకు వాళ్లమ్మ నేర్పిన నియమం ఒకటుంది. "మంచానికి తాడు ఉండాలి. తాడుకి వదులు ఉండాలి. మడుగు ఊపిరి పీలుస్తుంది, వదులుతుంది. దానికి చోటివ్వాలి." అందుకే ఏ మంచానికీ తాడు బిగించేది కాదు. మంచాలు మెల్లగా అటు పోయేవి, ఇటు వచ్చేవి. అన్నిటిలోకి పెద్ద మంచం వాళ్లమ్మ చేత్తో అల్లినది. దాని అల్లికలో తామరమొగ్గలు తేలేవి. అలా అల్లడం నామాలమ్మకు కూడా రాదు. ఆ మంచం చూడ్డానికే కొందరు వచ్చేవారు.

ఒక వేసవిలో అడవికోడి కుటుంబం వచ్చింది. ముందు పుంజు. ఎర్రటి తురాయి, ఏడు రంగుల తోక. పేరు రాయుడు. వెనక పెట్ట. దాని వెనక మూడు బుల్లి పిల్లలు.

"మీ విడిదిలో అన్నిటికన్నా గొప్ప మంచం ఏది?" అన్నాడు రాయుడు, ఇంకా ఒడ్డు దిగకుండానే.

నామాలమ్మ తన తల్లి అల్లిన మంచమే ఇచ్చింది.

మధ్యాహ్నం అందరూ నిద్ర లేచారు. పెట్ట కల చెప్పింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి కలలు చెప్పాయి. రాయుడు మాత్రం రెక్కలు దులుపుకుని అన్నాడు, "నాకు కల రాలేదు. మంచం ఊగుతోంది. కొమ్మ పట్టుకుని నిద్రపోయే జాతి మాది. తాడు బిగించు."

"బిగించకూడదు రాయుడూ. మడుగు ఊపిరి పీలుస్తుంది," అంది నామాలమ్మ.

"మడుగు ఊపిరి పీలిస్తే పీల్చనీ. నన్ను కూడా ఊపిరి పీల్చుకోనీ!"

పెట్ట చిన్నగా అంది, "ఏవండీ, ఊగుతుంటేనే కదా పిల్లలు హాయిగా పడుకున్నారు."

"నువ్వూరుకో," అన్నాడు రాయుడు.

మర్నాడు కూడా అంతే. అందరికీ కలలు వచ్చాయి. రాయుడికి రాలేదు.

"నువ్వూ కోడివే, నేనూ కోడినే. సాటి కోడిననైనా చూడవా?" అన్నాడు.

"కోడివైనా కొంగవైనా తాడు తాడే," అంది నామాలమ్మ.

కానీ ఆ సాయంత్రం నీళ్లకు కలలు చెబుతుంటే ఆమె మాట తడబడింది. వాళ్లమ్మ మంచం మీద పడుకుని కల రాలేదన్నవాడు అంతకుముందు ఒక్కడూ లేడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

మూడో నాడు రాయుడు మూట కట్టాడు.

"పోతున్నాం," అన్నాడు. "ఎగువ మడుగులో నీటికుక్క విడిది ఉందట. రాతి గూళ్లట. రాయి ఊగదు కదా! ఇక్కడ అమ్మ అల్లిన మంచం, అమ్మ అల్లిన మంచం అని మూడు రోజులు విన్నాను. ఒక్క కల ఇవ్వలేని మంచం ఎవరల్లితే ఏం? దారి పొడుగునా అదే చెబుతాను."

నామాలమ్మ నామం చుట్టూ ఈకలు లేచాయి. నీటికుక్క పేరు ఆమె దగ్గర ఎవరూ ఎత్తరు. ఎప్పుడో ఒకసారి అది వచ్చి, "ఇవి మంచాలా, పిల్లల ఉయ్యాలలా?" అని నవ్వి పోయింది. అప్పటినుంచి నామాలమ్మ ఎగువ వైపు ముఖం పెట్టి ఈదలేదు.

"నీటికుక్క రాళ్లా? దానికి రాళ్లు పేర్చడం కూడా వచ్చా?" అంది. "ఆగు. కదలని మంచం అంటే ఏమిటో నేను చూపిస్తాను."

బుడుంగున మునిగింది. తాడు వదులంతా లాగింది. ఒక ముడి వేసింది. ఇంకా మనసు చల్లారక రెండోది వేసింది. నీటికుక్క నవ్వు గుర్తొచ్చి మూడోది వేసింది. ముడులు వేయడంలో ఆమెకు సాటి లేదు.

మంచం నేల మీద పెట్టినట్టు నిలబడిపోయింది.

తాబేలు తాత ఒడ్డు నుంచి తల బయట పెట్టి చూశాడు. "అమ్మాయీ, తాడు బిగించావా?"

"ఒక్క పూటకే తాతా."

"కొండల మీద మబ్బు చూశావా?"

"ఇక్కడ ఎండ కాస్తోంది కదా," అంది నామాలమ్మ.

తాబేలు తాత మళ్లీ ఒకసారి కొండల వైపు చూశాడు. తల లోపలికి లాక్కున్నాడు.

రాయుడు కుటుంబంతో మంచమెక్కాడు. కాలితో ఒకసారి తొక్కి చూశాడు. "ఇదీ మంచమంటే!" అన్నాడు. కన్ను మూసిన వెంటనే గుర్రు పెట్టాడు. పెట్ట రెక్కల కింద పిల్లలు కూడా పడుకున్నాయి. చుట్టూ మిగతా మంచాల మీద ఉడతలు, కుందేళ్లు, ముంగిసలు. మడుగంతా ఒకే ఊపిరి.

దూరంగా కొండల మీద వాన పడింది. మడుగు దగ్గర ఒక్క చినుకు లేదు. తామరాకు మీద ఎండ అలాగే ఉంది. కానీ నీళ్లు పెరిగాయి. చప్పుడు లేకుండా పెరిగాయి, పొంగే ముందు గిన్నెలో పాలు పెరిగినట్టు.

మంచాలన్నీ నీళ్లతోపాటు పైకి లేచాయి. వదులు తాళ్లు మెల్లగా సాగాయి. పడుకున్నవాళ్లకు తెలియనే లేదు. నిద్రలో మబ్బెక్కుతున్నట్టు ఉందని తర్వాత చెప్పారు.

నామాలమ్మ ఒడ్డున తుంగ చీలుస్తోంది. ఎందుకో తల ఎత్తింది. మంచాలన్నీ ఎత్తున ఉన్నాయి. ఒక్కటి మాత్రం గుంటలో ఉన్నట్టు కిందికి ఉంది. వాళ్లమ్మ మంచం. నీళ్లు పైకి పోతున్నాయి. తాడు మంచాన్ని పోనివ్వడం లేదు. అంచుల మీంచి నీళ్లు లోపలికి జారుతున్నాయి.

"రాయుడూ! లే! పిల్లల్ని లేపు!"

రాయుడు కళ్లు తెరిచాడు. "ఎవరో నన్ను బావిలో దించుతున్నట్టు కల..." అన్నాడు. అంతలో తోక తడిసింది. ఒక్క ఎగురు ఎగిరి ఒడ్డున పొద మీద పడ్డాడు. వేళ కాని వేళ గొంతు చించుకుని కొక్కొరొకో అని కూశాడు. పెట్ట ఎగరగలదు, కానీ ఎగరలేదు. రెక్కలు విప్పి పిల్లల మీద కూర్చుంది. పిల్లలకు ఇంకా ఈకలే రాలేదు.

నామాలమ్మ మునిగింది. ముడి పట్టుకుంది. తుంగతాడు నీళ్లలో నాని ఉబ్బి రాయిలా అయింది. ముక్కుతో పొడిచింది. కాళ్లతో లాగింది. మొదటి ముడే రాలేదు. ఆమె వేసిన ముడి మరి! పైకి తేలి ఊపిరి తీసుకుంది. పెట్ట మెడ వరకు నీళ్లలో ఉంది.

"నామాలమ్మా, పిల్లలు!" అంది పెట్ట.

ముగ్గుర్నీ ఒక్కొక్కర్నే మోసేంత వ్యవధి లేదు. మిగిలింది ఒకటే దారి. తాడు కట్టిన నడిమి పేటను లాగేయాలి. లాగితే తాడు జారిపోతుంది, కట్టలు విడిపోయి పైకి తేలతాయి. కానీ ఆ పేట లాగితే మంచం ఇక మంచం కాదు. తామరమొగ్గల అల్లిక మళ్లీ అల్లేవాళ్లు లేరు.

నామాలమ్మ ఆ అల్లిక మీద ఒక్కసారి రెక్క ఆనించింది. "అమ్మా, నువ్వు చెప్పిందే," అంది. పేట కొస ముక్కున కరిచి లాగింది.

మంచం జడ విప్పినట్టు విడిపోయింది. తుంగకట్టలు ఒక్కొక్కటే పైకి తేలాయి. మొగ్గలన్నీ నిజంగా విచ్చుకున్నట్టే విచ్చుకుని, దేని దారిన అది పోయాయి. పెట్ట ఒక కట్ట మీదికి ఎక్కింది. పుంజు కూతకు మేలుకున్న తాబేలు తాత ఈదుకుంటూ వచ్చాడు. రెండు పిల్లలు ఆయన వీపెక్కాయి. అన్నిటిలోకి చిన్నది నీళ్లలో బుడగలు వదులుతుంటే నామాలమ్మ దాని కిందికి దూరి, వీపు మీదికి ఎత్తుకుంది. మెల్లగా ఒడ్డు వైపు ఈదింది. ఆ పిల్ల వణికి, వణికి, ఆ వీపు మీదే నిద్రపోయింది.

ఒడ్డున రాయుడు తోక దించుకుని నిలబడ్డాడు. ఏడు రంగులూ ఒకే బురదరంగు అయ్యాయి.

"నామాలమ్మా," అన్నాడు, "బిగించమన్నది నేనే. తప్పు నాదే."

"నువ్వు అడిగావు," అంది నామాలమ్మ. "అడిగేవాళ్లు అడుగుతారు. ముడి వేసింది నేను."

పెట్ట రాయుడి వైపు చూసింది. "ఇంకెప్పుడైనా నన్ను ఊరుకోమంటారా?" అంది. రాయుడు తల అడ్డంగా ఊపాడు.

పొద్దు వాలింది. వెళ్లేముందు అందరూ కలలు చెప్పారు. చిన్న పిల్ల కళ్లు నులుముకుంటూ లేచింది.

"నేనూ అద్దె ఇస్తానత్తా. నాకు కల వచ్చింది."

"ఏం కల వచ్చిందే?"

"మంచం లేదు. నువ్వే మంచం. నువ్వు ఊగుతున్నావు. నాకు భయం వేయలేదు."

నామాలమ్మ రెక్క చాచి ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది. ఆ సాయంత్రం ఆ ఒక్క కలనే నీళ్లకు చెప్పింది. మడుగు ఎప్పుడూ లేని రంగులో మెరిసిందట. ఆ రంగుకు మా మేనత్త దగ్గర కూడా పేరు లేదు.

మర్నాడు నామాలమ్మ తేలిన కట్టలన్నీ ఏరుకొచ్చి కొత్త మంచం అల్లింది. మొగ్గలు కుదరలేదు. వంకర టింకరగా వచ్చాయి. తాడు మాత్రం వదులుగా కట్టింది. ఆ తర్వాత ఏనుగు వచ్చి అడిగినా బిగించలేదు.

కథ అక్కడికి అయిపోయింది. ఇప్పుడు పోలినాయుడి సంగతి. నీటికుక్క వచ్చి తాడు కొరికి అందర్నీ కాపాడిందని వాడు చెప్పుకు తిరుగుతున్నాడు. నీటికుక్క ఆ పూట ఎగువ మడుగులో రాతిగూటిలో పడుకుని ఉంది. మడుగు పెరిగినట్టు కూడా దానికి తెలియదు. తాడును ఎవరూ కొరకలేదు. మంచమే పోయింది. తన తల్లి అల్లికను తన ముక్కుతోనే విప్పుకున్నదాని పేరు తీసేసి, నవ్వి పోయినదాని పేరు పెట్టడం ఎక్కడి న్యాయం? నేను వాడి గడప తొక్కను. మీలో ఎవరైనా కొత్తరేవు వైపు వెళ్తే, నలుగురూ కూర్చున్నప్పుడే వాడికి ఈ మాట చెప్పి సరిదిద్దండి. అసిరమ్మ చెప్పిన కథ ఇది అని చెప్పండి.

నీతి: కట్టే తాడుకు వదులు ఉండాలి, కట్టుబడిన మాటకు ఉండకూడదు.