మడుగులో నానే వెదుళ్ళు

గాజులకోన అడవి మధ్యలో ఒక పెద్ద ఏరు పారేది. ఇవతలి ఒడ్డున ముంగిసలు, తాబేళ్ళు, కోతులు, ఏదుపందులు ఉండేవి. అవతలి ఒడ్డున ఊదలు, కొర్రలు విరగపండేవి. తినేవాళ్ళు ఒక పక్క, తిండి ఇంకో పక్క. అందుకని ఏటి మీద తెప్పలు నడిచేవి. పది బుట్టల గింజలు దాటిస్తే తెప్ప గలవాడికి ఒక బుట్ట కిరాయి.

తెప్పలు కట్టేది ఏనుగు గజ్జన్న. వెదుళ్ళు నరికి ఏడాది పాటు మడుగులో నానబెట్టేవాడు. నానకపోతే పురుగు తొలిచేస్తుంది మరి. ఎవరెంత తొందరపెట్టినా, "నాననివ్వండి" అనేవాడు, అంతే.

ఒక ఏడు ఇవతల వానలు పడలేదు. చెట్టుకు కాయ లేదు, పుట్టకు గడ్డి లేదు. అందరూ అవతలి గింజల మీదే బతకాల్సి వచ్చింది. తెప్పలు చూస్తే ఆరే ఉన్నాయి. ఇంకేం, కిరాయి పదికి నాలుగు బుట్టలకు ఎక్కి కూర్చుంది.

ముంగిస సింగన్నకు ఒక తెప్ప ఉండేది. ఆ ఏడు అతని ఇల్లు గింజలతో నిండిపోయింది. నిండితే హాయిగా తిని కూర్చోవచ్చుగా? కూర్చోలేదు. ఇంకో మూడు తెప్పలు కట్టమని గజ్జన్నకు చెప్పాడు. ఒక్కోదానికి నలభై బుట్టలు. పిల్లల కోసం దాచిన తిండి కూడా తీసి ఇచ్చేశాడు. భార్య చంద్రి వద్దని నెత్తీ నోరూ బాదుకుంది. వింటేనా!

దారిలో తాబేలు వీరమ్మ కనిపించింది. ఆమె దగ్గరా దాచిన గింజలున్నాయి.

"వీరమ్మత్తా, నువ్వూ ఒక తెప్ప కట్టించుకో. కిరాయి చూశావా ఎంతుందో?" అన్నాడు సింగన్న.

"చూశాను నాయనా. మడుగు కూడా చూశాను."

"మడుగులో ఏముంది?"

"ఇరవై తెప్పల వెదుళ్ళు నానుతున్నాయి. నీలాగే కోతులూ కట్టమన్నాయి, ఏదుపందులూ కట్టమన్నాయి. అన్నీ ఒక్కసారే ఏట్లోకి దిగితే, మోయడానికి అన్ని గింజలెక్కడివి?"

"నీ నడకలాగే నీ ఆలోచనా అత్తా" అని సింగన్న నవ్వి వెళ్ళిపోయాడు.

ఏడాది తిరిగింది. ఇరవై తెప్పలూ ఒకే వారంలో ఏట్లోకి దిగాయి. అదే ఏడు వానలూ పడ్డాయి. ఇవతలే కాయా పండూ దొరుకుతుంటే ఏరు దాటేదెవరు? కిరాయి ముప్ఫైకి ఒక బుట్ట అయింది. తెడ్డు వేసేవాడి కూలికి కూడా అది చాలలేదు. తెప్పలు ఒడ్డున పడి ఉన్నాయి. తాళ్ళు కుళ్ళాయి. కోతులు తమ తెప్పలు విప్పి ఉయ్యాలలు కట్టుకున్నాయి. ఏదుపందులు కంచె వేసుకున్నాయి.

సింగన్న పిల్లలు ఆకలికి ఏడ్చారు. అతను వీరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"అత్తా, నా నాలుగు తెప్పలూ కొనుక్కో. ఒక్కోటి నలభై పెట్టి కట్టించాను."

"తెలుసు నాయనా. ఐదేసి బుట్టలిస్తాను. ఇవాళ ఇంకెవరూ అంత కూడా ఇవ్వరు. నీకు పని కావాలంటే తెడ్డు వెయ్యి, కూలి ఇస్తాను."

సింగన్నకు ఏడుపొచ్చింది. అయినా ఇచ్చేశాడు.

వీరమ్మ తాళ్ళు మార్పించింది. పైన ఆకులు కప్పించింది. మడుగులో ఒక్క వెదురు కూడా నానడం లేదని చూసుకుని, నిశ్చింతగా ఎదురుచూసింది. మూడో ఏడు మళ్ళీ కరువు వచ్చింది. ఏట్లో మిగిలినవి ఏడు తెప్పలే. కిరాయి మళ్ళీ నాలుగు బుట్టలయింది. అడవంతా కొత్త తెప్పల కోసం గజ్జన్న ఇంటికి పరుగెత్తింది. మడుగు మళ్ళీ వెదుళ్ళతో నిండడం చూసి, వీరమ్మ రెండు తెప్పలను ఒక్కోటి యాభై బుట్టలకు అమ్మేసింది.

ఒకరోజు సింగన్న తెడ్డు వేస్తుంటే చిన్న కూతురు పక్కన కూర్చుంది. తెప్ప నిండా గింజల బుట్టలు.

"నాన్నా, ఈ తెప్ప ఎవరిది?" అని అడిగింది.

"వీరమ్మత్తది తల్లీ" అన్నాడు. మళ్ళీ తెడ్డు నీళ్ళలోకి దించాడు.

నీతి: నేటి లాభం అందరికీ కనిపిస్తుంది, ఆ లాభాన్ని చూసి వెనకాల ఎంతమంది వస్తున్నారో లెక్కగట్టినవాడే నిలబడతాడు.