నారయ్య అల్లిన నాలుగు గూళ్లు

చేలగట్టున ఒక తుమ్మచెట్టు దిగుడుబావి మీదికి వంగి ఉండేది. దాని కొమ్మకు వేలాడే గూట్లో నారయ్య, వరాలు అనే గిజిగాళ్ల జంట కాపురం. వరాలు మూడు గుడ్లు పొదుగుతోంది.

నారయ్యకు మనసు జబ్బు. కొన్నాళ్లు ఉషారు కట్టలు తెంచుకుంటుంది, నిద్రే ఉండదు. ఆ తర్వాత కొన్నాళ్లు రెక్క కదపబుద్ధి కాదు. బావిలో ఉండే వైద్యుడు తాబేలు తాత రోజుకో చేదాకు తినమన్నాడు. "బాగున్న రోజున కూడా మానకూడదు" అని మరీ మరీ చెప్పాడు.

ఆ వారం నారయ్యకు ఉషారు మొదలైంది. మూడు రోజుల్లో నాలుగు కొత్త గూళ్లు అల్లేశాడు. అది చూసి కాటన్న అనే కాకి వచ్చి వాలాడు. వాడి కన్నంతా గుడ్ల మీదే.

"నారయ్య బావా, ఇంత పనితనం పెట్టుకుని ఆ చేదాకెందుకు? ముక్కు మొద్దుబారిపోదూ! తాటిచెట్టు మీద మేడ కట్టుకో. నాకో గూడిస్తే చాలు."

"ఇచ్చేశాను పో బావా!"

నారయ్య రివ్వున గూటికొచ్చాడు. "వరాలూ, లే! ఈ పూటే తాటిచెట్టుకు మారిపోతున్నాం. ఇక ఆకూ గీకూ లేదు!"

వరాలు గుడ్లను రెక్కల కిందికి లాక్కుంది. తను లేస్తే గుడ్లు కాకి పాలే. అయినా గొంతు పెంచలేదు.

"మేడ బాగుంటుందయ్యా. మరి మన ఒప్పందం? తల పరుగెడుతున్నప్పుడు ఏం తలపెట్టినా మూడు పొద్దులు ఆగుతానని, ఆకు మాననని నీ నోటితోనే అన్నావు."

"అంటే నాకు పిచ్చంటావా?"

"లేదు. నిమ్మళంగా ఉన్నప్పుడు నువ్వన్న మాట నమ్ముతానంటున్నా."

నారయ్య విసురుగా రెండు కొమ్మలు దూకాడు. మళ్లీ వెనక్కొచ్చాడు. చివరికి గొణుక్కుంటూ ఆకు నమిలాడు.

"చేదు!"

"తెలుసు" అంటూ వరాలు జరిగి పక్కన చోటిచ్చింది.

అంతలో కాటన్న దిగాడు. "చెల్లెమ్మా, మాటంటే మాటే. గూడు ఖాళీ చెయ్యి."

"ఆయన ఇస్తానన్నది ఒక గూడు కదన్నా. అవిగో, కొత్తవి నాలుగున్నాయి. పాతది నీకెందుకు?"

"నాకిదే నచ్చింది."

"గూడు నచ్చిందా, గుడ్లు నచ్చాయా?"

చుట్టూ ఉన్న గోరింకలు కిసుక్కున నవ్వాయి. కాటన్నకు తల కొట్టేసినట్టయింది. పరువు కోసం బావి మీద వేలాడుతున్న కొత్త గూట్లోకి తల దూర్చాడు. పరుగులో అల్లిన గూడది, ముడి బిగించే నిదానం అప్పుడు నారయ్యకెక్కడిది? పుటుక్కున ఊడి, కాకితో సహా బావిలో పడింది.

గూడు తలకు తగిలించుకునే పైకి తేలిన కాటన్నను చూసి తాబేలు తాత, "కొత్త టోపీ అమిరిందిరోయ్!" అన్నాడు. వాడు మళ్లీ ఆ గట్టు మీద కనబడితే ఒట్టు.

నారయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. కానీ ఆ తర్వాత పదిరోజులు దిగులు కమ్మింది. గూడు దాటి కదల్లేదు. "కాస్త ఉషారుగా ఉండు" అని వరాలు ఒక్కసారి కూడా పోరలేదు. గోరింకమ్మను గుడ్ల దగ్గర కాపలా పెట్టి, నాలుగు గింజలు తెచ్చేది, ఆకు అందించేది, పక్కన కూర్చునేది.

పదకొండో రోజు పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని కిచకిచమని గోల పెట్టాయి. నారయ్య మెల్లగా ఎగిరి, ఒకే ఒక్క గడ్డిపోచ తెచ్చి గూటికి అల్లాడు.

"ఇవాళ్టికి ఇంతేనే" అన్నాడు.

"చాలయ్యా" అంది వరాలు. ముడి లాగి చూసింది. గట్టిగానే ఉంది.

నీతి: అయినవాళ్ల మనసు తూలినప్పుడు, నిలకడలో వాళ్లు చెప్పిన మాటను మనం భద్రంగా పట్టుకుని ఉండాలి.