బాణం వెంట ఎదురుకోలు

వెలగలమెరకలో తెలివి ఎవరింట్లో ఎక్కువ అంటే, మేడిచర్ల వారింట్లోనే అని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పేవాళ్ళు ముగ్గురున్నారు. ఆ ముగ్గురూ ఆ ఇంటివాళ్ళే. పెద్దాయన గవర్రాజు, ఆయన భార్య మంగాయమ్మ, తమ్ముడు బుల్లియ్య. మీ గోడ గడియారం ముందుకెళ్తోందండీ అని ఎవరో అంటే, దాన్ని ఊడదీసి వెనక గోడకి కొట్టుకున్న ఇల్లది. "ఇప్పుడెలా వెళ్తుందో చూస్తాను" అన్నాడు గవర్రాజు. అంతే, మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టారు. మంచివాళ్ళే పాపం. చెప్పిన మాట చెప్పినట్టు చేసేస్తారు, అదొక్కటే వాళ్ళతో వచ్చిన చిక్కు.

అలాంటి గవర్రాజుకి మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. మంగాయమ్మ అన్నగారు సూరిబాబుది అదే ఊళ్ళో కాలవ అవతలి వీధి. ఆయన పెద్దకూతురి పెళ్ళిలో, "బావా, నువ్వేం చెయ్యొద్దు, ఇక్కడ కూర్చుని ఈ చెప్పులు చూస్తూ ఉండు చాలు" అన్నాడు. గవర్రాజు రెప్ప వెయ్యకుండా చూశాడు. ఎవడో వచ్చి మగపెళ్ళివారి కొత్త చెప్పులన్నీ గోనెలో వేసుకుని పోతుంటే, వాడు సందు మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత అందరూ మీద పడితే, "చూస్తూ ఉండమన్నారు, చూస్తూనే ఉన్నానుగా!" అన్నాడు. పెళ్ళికొడుకు తండ్రి వట్టికాళ్ళతో బస్సెక్కాడు.

ఇప్పుడు రెండో అమ్మాయి ఇందుమతి పెళ్ళి కుదిరింది. గవర్రాజుకి ఒకటే కోరిక, ఎదురుకోలు. మగపెళ్ళివారు ఊళ్ళో దిగగానే బాజాలతో ఎదురెళ్ళి, పన్నీరు చల్లి, పానకం ఇచ్చి, వాళ్ళని విడిదింటికి తోడుకొచ్చే మర్యాద. ఆ మర్యాద తన చేతుల మీదుగా జరగాలి. చిన్నప్పుడు భుజాన వేసుకుని తిప్పిన పిల్ల మరి! వెళ్ళి సూరిబాబుని అడిగాడు.

"నీకా? ఈసారి మగపెళ్ళివారినే ఎవడో గోనెలో వేసుకుపోతాడు!" అన్నాడు సూరిబాబు.

అరుగు మీదున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. గవర్రాజు కూడా నవ్వాడు గానీ, ఇంటికొచ్చి కంచంలో అన్నం సగం వదిలేశాడు.

ఇందుమతికి ప్రాణం చివుక్కుమంది. ఆ పిల్ల కాకినాడలో చదువుకుంటూ ఓ కొత్త ఆట నేర్చుకొచ్చింది. "మావయ్యా, దీన్ని జియోకాషింగ్ అంటారు. ఎవరో ఒకరు ఓ చిన్న పెట్టె దాచి, అదెక్కడుందో ఫోనులో పెడతారు. మిగతావాళ్ళు ఫోను చూసుకుంటూ వెళ్ళి వెతుక్కోవాలి. మన ఊళ్ళో నేనొకటి దాచాను. నువ్వు దాన్ని పట్టుకుని, లోపలి చీటీ మీద నీ పేరు రాసి రా. ఎదురుకోలుకి నువ్వే. నాన్నని నేను ఒప్పిస్తాను" అంది.

సూరిబాబు మీసం దువ్వాడు. "సరే. చీటీ మీద పేరుంటే ఎదురుకోలు. లేదా మళ్ళీ చెప్పులే!"

ఇందుమతి ఆట ఎలాగో విడమరిచి చెప్పింది. "ఫోనులో బాణం ఎటు చూపిస్తే అటెళ్ళు. దగ్గరికెళ్ళాక ఫోను పక్కన పెట్టి కళ్ళతో వెతుకు. నిలబడితే కనపడదు, వంగితే కనపడుతుంది. నువ్వు వెతుకుతున్నట్టు పైవాళ్ళకి తెలియకూడదు. లోపల బొమ్మలుంటాయి, నచ్చింది తీసుకో, దానికి సమానమైనది ఇంకోటి పెట్టు. అంతా అయ్యాక పెట్టె ఎలా ఉందో అలాగే పెట్టేసి వచ్చెయ్."

ముగ్గురూ ఆ రాత్రి నిద్రలో కూడా అదే వల్లించారు.

తెల్లారింది. బుల్లియ్యకి పెద్ద అనుమానం వచ్చింది. "అన్నయ్యా, పైవాళ్ళకి తెలియకూడదంది. సరే. తెలియకూడదన్న సంగతి వాళ్ళకి తెలియాలి కదా? లేకపోతే పొరపాటున తెలుసుకుంటారేమో!"

"ఓరి నీ బుర్ర బంగారం గానూ!" అన్నాడు గవర్రాజు.

ఇంకేముంది, కూరగాయల ఆటోవాడి మైకు పట్టుకుని బుల్లియ్య ఊరంతా చుట్టొచ్చాడు. "మా అన్నయ్య గవర్రాజుగారు ఇప్పుడు రహస్యంగా పెట్టె వెతకడానికి బయల్దేరుతున్నారహో! దయచేసి ఎవరూ చూడొద్దహో!" పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా వదిలేసి జనం వీధిలోకొచ్చారు. చూడొద్దన్నారు కదాని మర్యాదగా వీపులు తిప్పి నిలబడ్డారు. మెడలు మాత్రం వెనక్కి తిప్పి చూశారు.

"ఏవండీ, వంగితేనే కనపడుతుందంది పిల్ల. ఎక్కడ వంగాలో చెప్పలేదు. ఎందుకైనా మంచిది, గుమ్మం దగ్గర్నించే వంగుదాం" అంది మంగాయమ్మ. అంతే, ముగ్గురూ నడుములు వంచి బయల్దేరారు. ముందు ఫోను పట్టుకుని గవర్రాజు, వెనక మంగాయమ్మ, ఆఖర్న బుల్లియ్య.

బాణం తిన్నగా చిలకమ్మ ఇంటికేసి చూపించింది. చిలకమ్మ వంటింట్లో గారెలు వేస్తోంది. వీధి గుమ్మంలోంచి ముగ్గురూ వంగుకుంటూ లోపలికొచ్చి పొయ్యి పక్కనుంచి పోతుంటే నిర్ఘాంతపోయింది.

"ఇదేం చోద్యం గవర్రాజూ? పక్కన సందుందిగా!"

"సందు మాకూ తెలుసు పిన్నీ. బాణం నీ మూకుడు మీదుగా చూపిస్తోంది. అదేదో తెలిసే చూపిస్తుందిగా?"

మంగాయమ్మ పోతూ పోతూ ఓ గారె నోట్లో వేసుకుంది. "ఉప్పు తగ్గింది పిన్నీ" అని చెప్పి దొడ్డిగోడ ఎక్కింది.

గోడ దిగితే వరి ఊడ్చిన చేను. మోకాళ్ళదాకా బురద. చేను దాటితే కాలవ. పక్కనే నిక్షేపంలాంటి వంతెన ఉంది. కానీ బాణం వంతెన కేసి చూపించలేదే! దిగారు. నిజానికి నీళ్ళు మొలలోతే. వీళ్ళు వంగి నడుస్తున్నారేమో, ఆ మొలలోతు నీళ్ళే ముక్కుల్లోకి పోయాయి. గవర్రాజు ఒక్క చెయ్యి పైకెత్తి ఫోను పట్టుకుని, బుడబుడమంటూ అవతలి గట్టెక్కాడు. వంతెన మీద నిలబడ్డ జనం వీపులు తిప్పుకునే అరిచారు, "గవర్రాజుగారూ, మేమేం చూడట్లేదండీ!"

"సంతోషం!" అన్నాడు గవర్రాజు దగ్గుతూ.

అవతల గట్టు మీద పాత పంపు షెడ్డుంది. అక్కడికి రాగానే బాణానికి పిచ్చెక్కింది. ఇటు చూపించింది, అటు చూపించింది, గిర్రున తిరిగింది. వీళ్ళూ దాంతోపాటు తిరిగారు. తిరిగి తిరిగి ముగ్గురూ కళ్ళు తిరిగి పడ్డారు.

"వచ్చేశాం! ఇహ ఫోను పక్కన పెట్టాలి" అని గవర్రాజు ఫోనుని గడ్డిలో ఓ పక్కన భద్రంగా పెట్టాడు. బుల్లియ్య ఓ ఇటుక ఎత్తబోయాడు.

"చెయ్యి తియ్యరా వెధవా! కళ్ళతో వెతకమంది పిల్ల, చేతులతో కాదు!"

దాంతో ముగ్గురూ చేతులు వెనక్కి పెట్టుకుని తుమ్మకంపల్లో కళ్ళతో వెతికారు. ముళ్ళు గుచ్చుకున్నాయి, చీమలు కుట్టాయి, ఎండ మాడ్చింది. సీసా మూతలు కనపడ్డాయి, తెగిన హవాయి చెప్పు కనపడింది, పెట్టె మాత్రం లేదు. ఈ ఆట ఆడి సరదాపడే వాళ్ళు లోకంలో ఎవరో గానీ, వాళ్ళ ఓపికకి దణ్ణం పెట్టాలి. గవర్రాజు షెడ్డు ఎదురుగా కూలబడిపోయాడు.

"నా వల్ల కాదే మంగా. మళ్ళీ చెప్పుల దగ్గరే కూర్చుంటాను. పిల్ల నామీద ఎంత ఆశ పెట్టుకుందో!" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుస్తున్నట్టు తమ్ముడికి కనపడకూడదని తల బాగా కిందకి దించుకున్నాడు.

అంత కిందకి దించేసరికి, షెడ్డు మెట్టు కింద ఇటుకల సందులో ఇటుక రంగు వేసిన చిన్న రేకు పెట్టె కనపడింది.

"దొరికిందే!" అని అరిచాడు. వంతెన మీద జనం ఈలలు వేశారు. మంగాయమ్మ మొగుణ్ణి పట్టుకుని ఏడ్చేసింది.

మూత తీస్తే లోపల ఓ తెల్లచీటీ, ఓ తల పిన్ను, బొమ్మ కారు, బొటనవేలంత ప్లాస్టిక్ గేదె. పేరు రాద్దామంటే పెన్ను లేదు. పెన్ను తెమ్మని ఎవరూ చెప్పలేదుగా! మంగాయమ్మ వెంటనే పుల్ల విరిచి, తన కంటి కాటుకలో అద్ది ఇచ్చింది. గవర్రాజు నాలిక బయటపెట్టి, ఒక్కొక్క అక్షరం దిద్ది, తన పేరు రాసుకున్నాడు. రాసి, దూరంగా పెట్టి చూసుకున్నాడు. అంత చక్కగా పెళ్ళి శుభలేఖలో కూడా పడలేదు ఆయన పేరు.

పెట్టె మూసేసి వచ్చేస్తే సరిపోయేది. మంగాయమ్మకి ప్లాస్టిక్ గేదె నచ్చింది. "అచ్చం మన గౌరికి చెల్లెల్లా ఉందండీ, ఇది తీసుకుంటాను" అంది.

"తీసుకుంటే సమానమైనది పెట్టాలి వదినా" అన్నాడు బుల్లియ్య.

"గేదెకి సమానం ఏవిటయ్యా?"

బుల్లియ్య కాసేపు ఆలోచించాడు. "గేదెకి గేదే."

మంగాయమ్మ గొల్లుమంది. పూటకి తవ్వెడు పాలిచ్చే గౌరి! బొమ్మ మళ్ళీ పెట్టెలో పెట్టేస్తే పోలా? ఆ ముక్క ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. బుల్లియ్య వెళ్ళి గౌరిని తోలుకొచ్చాడు. గౌరి కాలవలో దిగలేదు, వంతెన మీదుగా నడిచొచ్చింది. గేదె ఎంత నొక్కినా పెట్టెలో పట్టదు కనక, పలుపు కొస లోపల పెట్టి మూత నొక్కారు.

అప్పుడు గవర్రాజు మొహం వాడిపోయింది.

"మంగా, పెట్టె ఎలా ఉందో అలాగే పెట్టమంది కదే."

"అలాగే పెట్టాంగా!"

"మనం తీసినప్పుడు చీటీ మీద నా పేరు లేదే."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పేరుంటే పిల్ల మాట తప్పినట్టు. పేరు లేకపోతే ఎదురుకోలు పోయినట్టు. గవర్రాజు మూత మళ్ళీ తెరిచి చీటీ బయటికి తీశాడు. "పిల్లకి మాటిచ్చాను" అని తడి కండువా కొసతో తన పేరు తనే తుడిచేసుకున్నాడు. చీటీ పెట్టెలో పెట్టేసి ఇంటిదారి పట్టాడు. ఫోను సంగతి కూడా మర్చిపోయాడు.

సాయంత్రం సూరిబాబు, ఇందుమతి షెడ్డు దగ్గరికొచ్చారు. మెట్టుకి అడ్డంగా గేదె పడుకుని నెమరేస్తోంది. గడ్డిలో ఫోనుంది. చీటీ మీద నల్లటి మరక తప్ప ఏమీ లేదు.

"పేరేదీ బావా?" అన్నాడు సూరిబాబు, మేడిచర్ల వారింటికొచ్చి.

గవర్రాజు తల దించుకుని జరిగిందంతా చెప్పాడు. సూరిబాబు నెత్తి పట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయాడు. ఇందుమతి ముందు నవ్వింది, ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంది.

"నాన్నా, నా మాట కోసం పాడిగేదెని కట్టేసి వచ్చాడు. తన పేరు తనే తుడుచుకున్నాడు. ఇలాంటి మనిషిని ఎదురుకోలుకి కాక ఎక్కడ నిలబెడతావు?"

సూరిబాబు అరుగు మీంచి లేచాడు. పెద్దగా నిట్టూర్చాడు. "సరే బావా, ఎదురుకోలు నీదే. నీకు ఒక్కటే చెప్తున్నాను. అటూ ఇటూ తిప్పకుండా, మగపెళ్ళివారిని నేరుగా విడిదింటికి తీసుకురా."

"నేరుగానా బావా?"

"నేరుగా!"

గవర్రాజు మొహం వెలిగిపోయింది. ఇందుమతి ఏదో అనబోయింది గానీ, మంగాయమ్మ అప్పటికే ఆ పిల్లని కావలించుకుని ఊపేస్తోంది.

పెళ్ళిరోజు వచ్చింది. పట్టుపంచె కట్టుకుని గవర్రాజు చేసిన మర్యాద చూడాలి! బస్సు దిగిన వాళ్ళందరికీ పన్నీరు చల్లాడు, పానకం ఇచ్చాడు, వియ్యంకుడి మెడలో దండ వేశాడు. "ఎంత పెద్దమనిషండీ!" అనుకున్నారు మగపెళ్ళివారు. తర్వాత విడిదింటి గుర్తు పెట్టించుకున్న ఫోను తీసి, "దయచెయ్యండి" అన్నాడు.

కాలవ అవతల విడిదింటి ముందు సూరిబాబు దండలు పట్టుకుని నిలబడ్డాడు. బాజాలు వినపడుతున్నాయి. అయితే రోడ్డు మీంచి కాదు, చిలకమ్మ వంటింట్లోంచి. కాసేపటికి చేలోంచి. ఆ తర్వాత సన్నాయి బుడబుడమంది.

సూరిబాబు గట్టుకి పరుగెత్తాడు. వంతెన ఖాళీగా ఉంది. కాలవలో మొలలోతు నీళ్ళలో మగపెళ్ళివారు మొత్తం వరసగా వస్తున్నారు. ఇది ఈ ఊరి ఆచారం కాబోలు, కాదంటే బాగుండదని ఒక్కరూ నోరెత్తలేదు. వియ్యంకుడి చేతిలో కొరికిన గారె ఉంది. పెళ్ళికొడుకు మాత్రం ఆపుకోలేక నవ్వుతున్నాడు.

అందరికన్నా ముందు గవర్రాజు, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ, ఫోను పైకెత్తి పట్టుకుని గట్టెక్కాడు. సూరిబాబుకి, తన వెనక వస్తున్న వాళ్ళ నెత్తుల్ని గర్వంగా చూపించాడు.

"చూసుకో బావా! ఎవరి చెప్పులు వాళ్ళ నెత్తి మీదే ఉన్నాయి. ఈసారి ఒక్కటంటే ఒక్కటి పోలేదు!"