బలం ఉండలు

"ఆమె తినడం లేదు స్వామీ," అన్నాడు హరనాథ్.

తాతస్వామి వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనె తీస్తున్నారు. తలెత్తలేదు. "ఎవరు నాయనా?"

"అప్పలకొండ. ఇసక మోసే ఆవిడ. రోజూ చేతిలో ఉండ పెడతాను. కళ్లకద్దుకుంటుంది, కొంగున కట్టుకుంటుంది, వెళ్లిపోతుంది. ఒక్కనాడు నోట్లో వేసుకుంటే ఒట్టు."

సాలూరు దాటాక ఒక కొండ మీద ఉంది ఆ ఆశ్రమం. తాతస్వామికి అసలు పేరేదో ఉండేది. జనం మరిచిపోయారు, ఆయనా గుర్తు చెయ్యలేదు. ఆ ఏడాది కొండ పైన నీళ్ల తొట్టె కడుతున్నారు. కింద లారీ దించిన ఇసకను ఆడవాళ్లు తట్టలకెత్తుకుని మూడు వందల మెట్లు ఎక్కి పైకి చేరవేస్తున్నారు. ఆ ఆడవాళ్లలో ఒకతి అప్పలకొండ. ఏడు నెలల చంటిబిడ్డ తల్లి. బిడ్డను కింద అత్త దగ్గర వదిలి, పాలివ్వడానికి మధ్యలో దిగి వెళ్తుంది.

మంగళవారం నాడు సగం మెట్ల దగ్గర ఆమెకు కళ్లు తిరిగాయి. తట్ట పక్కకు పడింది, ఆమె ఇంకో పక్కకు పడింది. ఊరి నర్సమ్మ వచ్చి కనురెప్ప లాగి చూసింది, వేలికి సూది గుచ్చి చూసింది. ఒంట్లో రక్తం ఏడు గ్రాములే ఉందని చెప్పి, మాత్రలిచ్చి, తిండి గట్టిగా తినమంది. ఇంకోసారి ఆ మెట్ల మీద పడితే బతకడం కష్టమని హరనాథ్‌ను పక్కకు పిలిచి చెప్పింది.

పని మానెయ్యమని హరనాథ్ అంటే అప్పలకొండ ఒప్పుకోలేదు. "నన్ను పన్లోంచి తియ్యకండి బాబూ, మీకు పున్నెం ఉంటది" అని దణ్ణం పెట్టింది. తాతస్వామి మేస్త్రీతో మాట్లాడి ఆమె తట్ట సగానికి తగ్గించారు. కూలి తగ్గించనివ్వలేదు. ఇక తిండి సంగతి హరనాథ్ నెత్తికెత్తుకున్నాడు.

ఎత్తుకోడా మరి! సన్యాసంలోకి రాకముందు అతను విశాఖపట్నంలో మూడేళ్లు జిమ్ములో పనిచేశాడు. ఏ గింజలో ఎంత బలముందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ ఆశ్రమంలో మధ్యాహ్నం దాకా పొయ్యి వెలిగించరు. ఉదయం నైవేద్యం పచ్చిదే. అంతకుముందు అరటిపండో, బెల్లం ముక్కో దేవుడి ముందు పెట్టేవాళ్లు. హరనాథ్ వచ్చాక దేవుడికి కూడా కొత్త రోజులొచ్చాయి. ఖర్జూరం, బాదం, నువ్వులు, అవిసె గింజలు, గుమ్మడి గింజలు, పట్నం నుంచి తెప్పించిన చియా గింజలు, ఎండబెట్టి పొడి చేసిన మునగాకు. అన్నీ రోట్లో దంచి, తేనె పోసి, నిమ్మకాయంత ఉండలు కడతాడు. వాటికి బలం ఉండలని పేరు కూడా పెట్టుకున్నాడు. మొదటినుంచీ వేసే మెంతిపిండిని, బాలింత తినాలి కదా అని ఈ మధ్య ఇంకా దట్టించాడు.

మడి విషయంలో అతనికి వంక పెట్టడానికి లేదు. స్నానం చేసి, తడిబట్టతో, మాట్లాడకుండా చేస్తాడు. దేవుడికి పెట్టకముందు నాలుక మీద పెట్టుకోవడం కాదు కదా, వాసన కూడా చూడడు. పెట్టాక అందరికీ పంచేస్తాడు. తనకు ఒక పూటే భోజనమన్న నియమం కాబట్టి ఉండ ఉంచుకోడు. ఆరు నెలలుగా ఇదే వరస.

"తినమని చెప్పావా?" అని అడిగారు తాతస్వామి.

"చెప్పడమేంటి స్వామీ, ఎదురుగా నిలబడ్డాను. నా ముందు తింటేనే వదులుతానన్నాను. అటు తిరిగి నమిలినట్టు దవడలు ఆడించింది. మెట్టు దిగాక కొంగు ముడి చూశాను, ఉండ అందులోనే ఉంది." "నా కష్టం పోతే పోయింది. ఆ మనిషి పడిపోతుంది స్వామీ. చంటిబిడ్డ ఉంది. ఏం చెయ్యాలో తోచడం లేదు."

అతని కోపం అడుగున ఉన్నది భయమని తాతస్వామికి తెలుసు. చివరి చిక్కుడుకాయ ఈనె తీసి చేటలో వేశారు.

"రేపు రోలు వసారాలోకి తెచ్చి పెట్టు," అన్నారు.

మర్నాడు పొద్దున అప్పలకొండ మొదటి తట్ట దింపి వస్తుంటే తాతస్వామి రోటి పక్కన కూర్చుని ఉన్నారు. హరనాథ్ దంచడం అప్పుడే అయింది. ఉండలు ఇంకా కట్టలేదు. నల్లగా, జిగురుగా ముద్ద రోట్లోనే ఉంది.

"అమ్మా అప్పలకొండా, ఒక్క నిమిషం ఇలా రామ్మా. పనుంది."

ఆమె దూరంగా నిలబడింది. "సెప్పండి బాబూ."

"నాకు ముసలితనం వచ్చింది. నాలుక మొద్దుబారిపోయింది. వీడేమో నోట పెట్టడు. ఇది తినేట్టు ఉందో లేదో చెప్పే దిక్కు లేదు. కాస్త రుచి చూసి చెప్పు తల్లీ."

హరనాథ్ ఉలిక్కిపడ్డాడు. ముందురోజే కదా ఈ స్వామి మజ్జిగలో ఉప్పు రెండు రవ్వలు ఎక్కువైందని మళ్లీ కలిపించారు! అదలా ఉంచితే, దేవుడికి ఇంకా పెట్టనేలేదు. "స్వామీ, నైవేద్యం..." అన్నాడు.

అప్పలకొండ అంతకంటే ఎక్కువ ఉలిక్కిపడింది. "అమ్మో! దేవుడికి పెట్టకముందా! నాకొద్దు బాబూ, కళ్లు పోతాయి."

"ఏమీ పోవు. వీడు ఏం పెడుతున్నాడో ఆరు నెలల నుంచి దేవుణ్ణి అడుగుతున్నాను. ఆయన నోరు విప్పడం లేదు. నువ్వయినా చెప్పు."

తాతస్వామి చిటికెడు తీసి ఆమె అరచేతిలో వేశారు. ఆమె భయంభయంగా నాలుక మీద పెట్టుకుంది. ముఖం ఒక్కసారి ముడుచుకుపోయింది. వెంటనే సర్దుకుంది.

"బాగుంది బాబూ."

"నిజం చెప్పమ్మా."

ఆమె హరనాథ్ వంక చూసింది, నేల వంక చూసింది. "ఏటనుకోకండి బాబూ. సేదు."

"ఎంత చేదు?"

"మా పెద్ద గుంట వాసన సూసి పారిపోతది. బెల్లం అద్ది ఇచ్చినా తిన్నేదు. మా అత్త మాత్రం పెసాదం అని కళ్లు మూసుకుని మింగేస్తది."

హరనాథ్ ముఖం మాడిపోయింది. ఆరు నెలల్లో కనీసం రెండు వేల ఉండలు కట్టి ఉంటాడు. మేస్త్రీ, పాలు పోసే ఆయన, శనివారం కొండెక్కే భక్తులు, ఒక్కొక్కరూ అతనికి గుర్తొచ్చారు. అందరూ కళ్లకద్దుకున్నారు, అందరూ మహాప్రసాదం అన్నారు. ప్రసాదానికి వంక పెట్టే మనిషి తెలుగుదేశంలో ఎక్కడున్నాడు!

"అయితే దీన్ని ఎలా బాగుచెయ్యాలో నువ్వే చెప్పాలి," అన్నారు తాతస్వామి.

అప్పలకొండ సందేహిస్తూనే కొంగు నడుముకు దోపింది. చేతులు కడుక్కుని రోటి ముందు కూర్చుంది. సగం ముద్ద తీసి పక్కన పెట్టించింది. నువ్వులు రెండు దోసిళ్లు అడిగింది, బెల్లం అడిగింది. "నువ్వులు నూని ఒదిలీదాకా దంచాల బాబూ. తేనెతో పనే నేదు," అంది. పచ్చడిబండ చేతిలోకి వచ్చేసరికి ఆమె మాటలో బెరుకు తగ్గింది. హరనాథ్‌ను ఖర్జూరాల గింజలు తియ్యమంది. అతను తీశాడు.

"ఇప్పుడు చూడమ్మా," అన్నారు తాతస్వామి.

ఆమె వేలితో తీసి చూసింది. "బెల్లం సాల్లేదు."

బెల్లం పడింది. "ఇప్పుడు?"

ఈసారి ఇంకొంచెం తీసుకుంది. "ఇంకా కూసింత నువ్వులు పడాల."

"అడుగున ఒక రుచి, పైన ఒక రుచి ఉంటుందేమో. అడుగుది చూడు. అంత చిన్నది తీస్తే ఏం తెలుస్తుంది? ముద్ద తియ్యి."

ఆమె ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్లు ఒక్క క్షణం మూతపడ్డాయి. ఎన్నాళ్ల ఆకలో గాని, చెయ్యి తనంతట తానే మళ్లీ రోటి దగ్గరకు వెళ్లింది.

హరనాథ్ చూస్తూ ఉన్నాడు. ఆమె తిన్నది ఎంతో, అందులో నువ్వులెన్ని, ఖర్జూరాలెన్ని, అతని బుర్రలో జిమ్ము లెక్క మొదలైంది. సంతోషం పట్టలేక ఒక అడుగు ముందుకు వేసి ఇంకా దగ్గరగా చూశాడు.

ఆ చూపు తగిలి ఆమె చెయ్యి ఆగిపోయింది. నోట్లోది మింగలేక, ఉమ్మలేక, తప్పు చేసి దొరికిపోయిన దానిలా కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటి దగ్గర పిల్ల ఉంది, అత్త ఉంది. తను మాత్రం ఇక్కడ కూర్చుని తింటోంది.

తాతస్వామి మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచారు. హరనాథ్ భుజం పట్టుకుని మెల్లగా అటు తిప్పారు, ఎదుటి కొండ వైపు. తాను కూడా అటే తిరిగి అతని పక్కన నిలబడ్డారు.

"అమ్మా," అన్నారు వెనక్కి చూడకుండానే, "ఇంటికి పట్టుకెళ్లేవి నేను వేరే కట్టిస్తాను. పాపకీ, అత్తకీ. రోట్లో ఉన్నది మాత్రం నువ్వు చూసి తేల్చాల్సిందే. నిదానంగా చూడు."

ఎదురుగా కొండ మీద ఎండ ఎక్కుతోంది. హరనాథ్ మెడ వెనక్కి తిరగబోయింది. తాతస్వామి వేళ్లు భుజం మీద బిగిశాయి.

"దేవుడు తినేటప్పుడు ఏం చేస్తావు?" అని అడిగారు, అతనికి మాత్రమే వినపడేట్టు.

"తెర వేస్తాను స్వామీ."

హరనాథ్ తల దించుకున్నాడు. 'నా ముందు తింటేనే వదులుతాను' అన్న తన మాట తనకే వినిపించింది. చెవులు వేడెక్కాయి.

కొంతసేపటికి వెనక రోట్లో వేళ్లు కదిలిన చప్పుడైంది. ఆ తర్వాత నమిలే చప్పుడు. ఆగలేదు. నువ్వుల వాసన వసారా నిండా ఉంది. కింద మెట్ల మీద మేస్త్రీ ఎవరినో కేకేస్తున్నాడు. పూజ వేళ దాటిపోతోంది. ఇద్దరూ కొండ వైపు చూస్తూ అలాగే నిలబడ్డారు.

చాలాసేపటికి అప్పలకొండ గొంతు వినిపించింది.

"బాబూ, కూసిని మంచినీళ్లు ఇప్పిస్తారేటి?"

పనిలోకి వచ్చిన నెలన్నరలో ఆమె తనకోసం అడిగిన మొదటి మాట అది. హరనాథ్ ఆమె వైపు చూడకుండానే కుండ దగ్గరకు పరుగెత్తాడు.